కొర్రలు జారిపోయిన జల్లెడ

నా కుర్చీలోకి కొత్తగా వచ్చిన అమ్మాయి పేరు సహజ. నిజామాబాదు పిల్ల. నేను రిటైరయ్యే ముందు కొన్నాళ్ళు నా పక్కన కూర్చుని పని నేర్చుకుంది. మొదటి రోజే అడిగింది.

"ఆంటీ, నిజం చెప్పుండ్రి. ఇంత పెద్ద సైన్స్ పార్కుల కూసోని మీరు దినమంత ఏం చేస్తరు?"

"బురద కడుగుతాం."

"జోక్ చేస్తున్నరా?"

"లేదు. రేపటి నుంచి చెప్పులేసుకొని రా. ఆ బూట్లు చెడిపోతాయి."

సహజలాంటి వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్లు, నేను వెళ్ళిన సదస్సులు మీకు ఎందుకూ పనికిరావు. ఒక మ్యూజియం గోడ మీద ఒక తప్పు వాక్యం ఉంది. దాన్ని రాసిన మనిషే దాన్ని చెరిపించాలని తన ఆఖరి సంవత్సరాలు ఖర్చుపెట్టాడు. ఈ వృత్తి గురించి నాకు తెలిసినదంతా ఆ మనిషి దగ్గర, ఆ వాక్యం దగ్గర నేర్చుకున్నాను. అందుకని ఆ సంగతే చెబుతాను.

బురద

ముందు పనేమిటో చెప్పాలి. ఎక్కడో ఒక లోయలో తవ్వకం జరుగుతుంది. వేల ఏళ్ళ కిందటి పొయ్యి ఒకటి బయటపడుతుంది. ఆ పొయ్యి చుట్టూ ఉన్న మట్టిని సంచుల్లో నింపి మా ల్యాబుకు పంపుతారు. మేము దాన్ని నీళ్ళ పీపాలో పోసి మెల్లగా కలుపుతాం. రాయీ మన్నూ అడుక్కి దిగిపోతాయి. కాలి బొగ్గయిన గింజలు పైకి తేలుతాయి. మామూలు గింజ నేలలో కుళ్ళి మాయమవుతుంది. ఎవరో వండుతూ వండుతూ పొరపాటున మాడ్చిన గింజ మాత్రం మిగిలిపోతుంది. మా శాస్త్రం అంతా ఆ మాడిన వంటల మీదే నిలబడి ఉంది.

తేలినదాన్ని జల్లెడలోకి వంపి, ఆరబెట్టి, మైక్రోస్కోపు కింద పెట్టి అది ఏ గింజో చెబుతాం. వేటాడి, ఏరుకుని బతికిన మనుషులు విత్తి, కోసి బతికే మనుషులుగా ఎలా మారారో అలా వెతుకుతాం.

సింగపూరులో మేముండే బిషాన్ బ్లాకులో పక్కింటాయన బ్యాంకు ఉద్యోగి. నన్ను చాలాకాలం భవనాల కింద నేల పరీక్షించే మనిషి అనుకున్నాడు. ఒకరోజు లిఫ్టులో అడిగాడు: "మేడమ్, మీది సాయిల్ టెస్టింగ్ అంట కదా. మేము సెరంగూన్‌లో ఒక కాండో ఫ్లాటు చూశాం. పునాది ఎలా ఉందో కాస్త చూసి పెట్టండి."

"వేల ఏళ్ళ కిందట అక్కడ ఏం వండుకున్నారో అయితే చెప్పగలను," అన్నాను.

"అయితే వద్దులెండి."

రాక్షసుడి బూడిద

మాది అనంతపురం జిల్లా. ఊరి బయట ఒక పెద్ద బూడిద దిబ్బ ఉండేది. రాక్షసుణ్ణి కాల్చిన బూడిద అని అందరూ నమ్మేవారు. మా నాన్న నమ్మేవాడు కాదు. ఆదివారం గ్రంథాలయం హాల్లో చర్చలు జరిగేవి. దేవుడి మీద, కులం మీద, ముహూర్తాల మీద గొంతులు పోయేలా వాదించుకునేవాళ్ళం, పిల్లల మెడల్లో తాయెత్తులు తెంపించేవాళ్ళం. హైస్కూల్లో ఉండగా ఒకసారి నేను లేచి, ఆ దిబ్బ రాక్షసుడిది కాదు, పశువులను దొడ్లలో కట్టడం నేర్చిన పాతకాలపు మనుషులు తగలబెట్టిన పేడ అని చెప్పాను.

ముందు వరసలో ఒక తాత లేచాడు. "ఏమ్మే, అంత రాక్షసుణ్ణి పట్టుకొని పేడ చేస్తివే!"

"రాక్షసుడి కంటే పేడే గొప్పది తాతా. పేడ నిజం," అన్నాను.

హాలంతా నవ్వింది. నా వృత్తి ఆ నవ్వులో మొదలైంది.

ఆ ఇంటి గురించి ఇంకొకటి కూడా చెప్పాలి. మేము రోజూ కొర్రలు వండుకుని తినేవాళ్ళం. వాకిట్లో చుట్టం చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు, కొర్రల కుండ గాదె వెనక్కి వెళ్ళిపోయేది. వరి బియ్యం దిగేవి. మా ఇంట్లో ఏ గింజ తింటున్నామో ఎదుటివాడికి తెలియకూడదు. రాక్షసుణ్ణి నమ్మని మా నాన్న, ముహూర్తం లేకుండా పెళ్ళి చేసుకున్న మా నాన్న, ఆ కుండను తన చేత్తోనే దాచేవాడు. రాక్షసుడు పేడ అని ఒప్పుకోవడం తేలిక. వరి మాత్రమే తిండి కాదని ఒప్పుకోవడం చాలా కష్టం. దేవుడి పేరు పెట్టని మూఢనమ్మకాలను మేము హాల్లో చర్చకు పెట్టలేదు.

అప్పన్నగారు

మా ల్యాబు పెద్దాయన పేరు అప్పలస్వామి. అందరికీ అప్పన్నగారు. మలేసియాలో కొబ్బరి తోటల్లో పనిచేసిన తెలుగు కుటుంబంలో పుట్టి, చదువుకుని సింగపూరు వచ్చిన మనిషి. ఆయన తాతలు ఓడెక్కి వచ్చేటప్పుడు తెచ్చుకున్న తెలుగును అలాగే మాట్లాడేవారు. మధ్యమధ్య మలయ్ మాటలు. ఇంగ్లీషులో వ్యాసం రాస్తే ఒక్క అక్షరం పొల్లు పోయేది కాదు.

వయసులో ఉండగా ఆయన సింగపూరు దాటి ఉత్తరాన ఒక నదీ లోయలో పెద్ద మట్టి దిబ్బను తవ్వించారు. పై పొరల్లో వరి గింజలు దొరికాయి. కింది పొరల్లో జంతువుల ఎముకలు, నత్తగుల్లలు తప్ప పంట అన్నది ఏదీ కనిపించలేదు. ఆయన ఒక నిర్ణయానికి వచ్చారు. ఆ లోయ పక్క ఊరి మ్యూజియం వాళ్ళు ఆ నిర్ణయాన్ని గోడ మీద చెక్కించారు. తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: "ఈ లోయకు సేద్యం వరితోనే వచ్చింది; అంతకుముందు ఇక్కడి మనుషులు తిండి కోసం తిరుగుతూ బతికారు." పిల్లల పాఠాల్లోకి కూడా అది ఎక్కింది. ఆయన పేరు నిలబెట్టింది ఆ రెండు ముక్కలే.

నేను చేరిన కొత్తలో ఒకరోజు గిడ్డంగిలో ఆయన పాత జల్లెడ కనిపించింది. చెక్క చట్రం, ఇనుప వల. దాన్ని చేతిలో తిప్పి చూస్తుంటే ఆయన వచ్చారు.

"ఏటమ్మా సుగుణా, మట్టి మానేసి జల్లెడ సూత్తన్నావు?"

"సార్, ఆ లోయ మట్టి కడిగింది దీంతోనేనా?"

"దీంతోనే. నా మొదటి పెళ్ళాం అది."

"దీని కంతలు పెద్దవి సార్. కొర్రలు దీంట్లో నిలబడవు."

"కొర్రలా? మా తోటలో పిట్టలకేసీవోళ్ళు. మనుసులు తింటారేటి?"

"తిని పెరిగాను సార్. ఎదురుగా నిలబడి ఉన్నాను కదా."

పకపకా నవ్వారు. ఆ నవ్వు మధ్యలో ఆగిపోయింది. జల్లెడను నా చేతిలోంచి తీసుకుని ట్యూబులైటు కేసి ఎత్తి, కంతల్లోంచి చాలాసేపు చూశారు. దాన్ని పట్టుకునే వెళ్ళిపోయారు.

మర్నాడు టెక్కా బజారులో ఏదో కొట్టు నుంచి కొర్రల ప్యాకెట్టు ఒకటి పట్టుకుని వచ్చారు. ల్యాబులో అందరినీ పిలిచారు. బల్ల మీద తెల్ల కాగితం పరిచి, దాని మీద జల్లెడ పట్టుకుని, ప్యాకెట్టు చింపి అందులో పోశారు. ఆడించనక్కరలేకపోయింది. గింజలు వానలా కిందికి జారి, కాగితం దాటి, బల్ల దాటి నేల మీద చిందాయి. జల్లెడలో ఒక్కటి కూడా మిగల్లేదు.

"సుడా," అన్నారు. మలయ్‌లో అయిపోయింది అని. తర్వాత తెలుగులో అన్నారు: "అంతా తూములో పోసినానమ్మా."

ఆయనకంటే పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళను చాలామందిని చూశాను. తన పేరు నిలబెట్టిన మాట మీద తానే అందరి ముందు గింజలు పోసి చూపించిన మనిషిని మళ్ళీ చూడలేదు. అది తెలివితక్కువ వల్ల జరిగిన తప్పు కాదు. వరి తిని పెరిగిన మనిషి తిండిని వెతకబోతూ వరి ఆగే జల్లెడను ఎంచుకున్నాడు. అందులో వరే దొరికింది. దొరికినదాన్ని చూసి వరే మొదటిదన్నాడు. మా నాన్న కుండను గాదె వెనక దాచాడు. అప్పన్నగారు జల్లెడ కంతల్లోంచి జారవిడిచారు.

మొదటి రైతు

ఇక్కడి తెలుగు సమాజం వాళ్ళ సభల్లో నన్ను ఎప్పుడైనా మాట్లాడమనేవారు. ప్రతిసారీ ఒకరు లేచేవారు. "మేడమ్, వ్యవసాయం కనిపెట్టిన మొదటి రైతు మనవాడే కదా?" మనవాడూ కాదు, వాళ్ళవాడూ కాదు. మొదటి రైతు లేడు. ఒక తెల్లవారుజామున లేచి ఈరోజు నుంచి విత్తుతాను అనుకున్న మనిషి ఎవడూ లేడు.

అడవి గడ్డి పండగానే గింజ రాల్చేస్తుంది. అది దాని బతుకుతెరువు. ఏదో ఒక కంకి లోపంతో పుట్టి గింజను రాల్చదు. కోసుకునేవాళ్ళ చేతికి అలాంటిదే ఎక్కువగా దొరుకుతుంది, ఇంటికి వస్తుంది, తినగా మిగిలి మళ్ళీ నేలలో పడుతుంది. తరాల తరబడి ఇలా జరిగితే, గింజ రాల్చడం మరచిపోయిన మొక్క మిగులుతుంది. మనిషి కోసి చల్లకపోతే ఆ మొక్క బతకలేదు. అప్పటికి ఆ మొక్క లేకపోతే మనిషీ బతకలేడు. గింజ ఉంది కాబట్టి పిల్లలు ఎక్కువయ్యారు. పిల్లలు ఎక్కువయ్యారు కాబట్టి తిరిగి అడవి మీద పడి బతకడం కుదరదు. వెనక్కి వెళ్ళే దారి మూసుకుపోయాక గానీ ముందుకు వచ్చామని ఎవరికీ తెలియలేదు.

దీన్ని విజయం అని రాసేవాళ్ళ మీద నాకు కోపం. పిండి నూరే బండ ముందు మోకాళ్ళ మీద కూర్చుని కూర్చుని కాలివేళ్ళు, మోకాళ్ళు అరిగిపోయిన ఆడవాళ్ళ అస్థిపంజరాలు ఆ విజయానికి సాక్ష్యం. పిండితిండికి పుచ్చిపోయిన పళ్ళు సాక్ష్యం. అలాగని వెనకటి బతుకు స్వర్గం అనేవాళ్ళ మీద అంతకంటే కోపం. వేటగాళ్ళ గుహల్లో పసిపిల్లల ఎముకలు వాళ్ళెవరూ చూసినట్టు లేరు.

ఆ రెండో రకం వాడు ఒకడు మా కింది అంతస్తులో కంప్యూటర్ కంపెనీలో ఉండేవాడు. కిరణ్ అని గుంటూరు కుర్రాడు. ఒక మధ్యాహ్నం హాకర్ సెంటర్ తిండి కొట్ల దగ్గర నేనూ అప్పన్నగారూ చోటు కోసం చూస్తుంటే పిలిచాడు. ముందే టిష్యూ ప్యాకెట్టు పెట్టి టేబుల్ ఆపుకున్నాడు; సింగపూరులో దాన్ని చోప్ చేయడం అంటారు. చికెన్ రైస్ తెచ్చుకుని రైస్ పక్కకు నెట్టి కూర్చున్నాడు.

"ఆంటీ, నేను రైస్ మానేశా. ఇప్పుడు మొత్తం హంటర్ గ్యాదరర్ డైట్. ఫుల్ ఎనర్జీ లా!"

"ఏం వేటాడావు నాయనా? క్యూలో నిలబడ్డావు."

అప్పన్నగారు టిష్యూ ప్యాకెట్టును వేలితో తట్టారు. "నువ్వు ఏటాడనూ లేదు, ఏరుకోనూ లేదు. నువ్వు సేసింది ఒకటే. టేబులు చోప్ సేసినావు. సేద్యం ఇలగే మొదలైంది బాబూ. ఒకడు టిష్యూ పెట్టినాడు. మిగతావోళ్ళు ఊరుకున్నారు."

"అంకుల్, మరి ఎవరైనా తీసి పారేసుంటే?"

"అదే నాకు తెలీదు. తీసీవోడు కూడా ఉండే ఉంటాడు. ఆడి గింజలు నా జల్లెడలో ఆగలేదు."

కిరణ్‌కు అర్థం కాలేదు. నాకు అయింది. ఆ జల్లెడ సంగతి ఆయన ఒక్కరోజు కూడా మరచిపోలేదు.

తలుపుకు అడ్డం పెట్టిన సంచి

కింది పొర మట్టి మళ్ళీ కడుగుదామని సన్న జల్లెడ తీసుకుని నేనూ అప్పన్నగారూ ఆ లోయకు వెళ్ళాం. దిబ్బ లేదు. దాన్ని చదును చేసి ఫ్యాక్టరీ కట్టారు. సిమెంటు నేల మీద లారీలు నిలబడి ఉన్నాయి. అప్పన్నగారు గేటు బయట నిలబడి, ఎక్కడ ఏ గుంట తవ్వారో చేత్తో గాలిలో చూపించారు. వాచ్‌మన్ వచ్చి పక్కకు తప్పుకోమన్నాడు.

మీరు వృత్తిలోకి వచ్చాక ఎవరూ చెప్పని మాట ఒకటి ఇప్పుడే చెబుతాను. తవ్వకం అంటే చెరిపేయడం. ఒక పొరను చదవాలంటే దాన్ని తీసేయాలి. తీశాక అది మళ్ళీ ఉండదు. తప్పుగా చదివితే తిరిగి చదవడానికి పుస్తకం ఉండదు. సేద్యంలోకి జారిన మనుషులకు వెనక్కి దారి లేనట్టే మాకూ ఉండదు.

తిరిగి వచ్చాం. ఒకరోజు ఆయన గిడ్డంగిలోకి వెళ్ళబోతూ గుమ్మంలో ఆగిపోయారు. ఆ తలుపు గాలికి కొట్టుకుంటుందని ఎవరో ఎప్పుడో ఒక మట్టి సంచిని అడ్డం పెట్టారు. ఏళ్ళ తరబడి అందరం దాన్ని కాలితో నెట్టి లోపలికి వెళ్ళేవాళ్ళం. ఆయన వంగి దుమ్ము తుడిచారు. సంచి మీద లోయ గుర్తు, పొర గుర్తు ఉన్నాయి. వరి దొరికిన పొరకు కింది పొర. కడగకుండా మిగిలిపోయిన సంచి.

ఆ మట్టిని ఆయనే కడిగారు. నన్ను పీపా ముట్టుకోనివ్వలేదు. తేలినదాన్ని వంపిన వస్త్రం మీద మసి ముక్కలు, వేర్లు, ఒక చేపముల్లు. వాటి మధ్య ఒక్క గింజ. మైక్రోస్కోపులోంచి తల ఎత్తి నన్ను చూడమన్నారు.

కొర్ర. పొట్ట దగ్గర కొర్రకు ఉండే గుండ్రటి మచ్చతో సహా కొర్రే. నల్లగా మాడి, పక్కన ఒక పగులుతో.

కానీ ఒక్క గింజ సాక్ష్యం కాదు. చీమ మోసుకుపోయి ఉండవచ్చు, ఎలుక బొరియలోంచి పై పొర గింజ కిందికి జారి ఉండవచ్చు. దాని వయసు తెలియాలి. వయసు తెలియాలంటే దాన్ని కాల్చి పరీక్షించాలి. పరీక్ష తర్వాత గింజ మిగలదు. అది కూడా మరీ చిన్నది.

"ఆగుదాం సార్," అన్నాను. "ఇప్పటి యంత్రాలకు ఇది చాలదేమో. ముందు ముందు వచ్చేవాటికి చాలుతుంది."

"గింజ ఆగుద్దమ్మా. నానే ఆగలేను." అప్పటికే ఆయన గుండెకు ఒకసారి ఆపరేషన్ అయింది.

"ఉన్న ఒక్కటీ పోతే?"

"తెలుసుకోకండా డబ్బాలో దాసుకుంటే అది గింజ కాదు. తాయెత్తు. నువ్వు తాయెత్తులు తెంపించిన మనిసివి కదా, నువ్వే సెప్పు."

  నేను చెప్పింది జాగ్రత్త, ఆయన చెప్పింది ధైర్యం. రెండూ హేతువాదమే. ఆయనది నిర్ణయించే కుర్చీ. గింజ పరీక్షకు వెళ్ళింది.

కొన్ని వారాలకు కబురు వచ్చింది. పరీక్షకు చాలినంత కార్బన్ దొరకలేదు, ఫలితం లేదు. పాతదో కొత్తదో తెలియలేదు. గింజ లేదు. ఇప్పటి యంత్రాలు అంతకంటే చిన్న తునకకు కూడా వయసు చెబుతున్నాయి. కొత్త యంత్రం గురించి ఎక్కడ చదివినా నాకు ఆ పగులు కనిపిస్తుంది.

గోడ మీది వాక్యం

ఆయన మ్యూజియానికి ఫోన్ చేశారు. వాక్యం తీసేయమన్నారు. అక్కడి అధికారిణి మర్యాదస్తురాలు. ఆధారం ఏమిటని అడిగింది.

"ఉండేది. పోయింది," అన్నారు.

ఆధారం లేకుండా గోడ మీది మాట మార్చలేమంది. ఆమె చేసింది సరైన పని. నేనైనా అదే చేసేదాన్ని. అప్పుడు ఆయన, మార్చవద్దు, కింద ఒక ముక్క చేర్చండి చాలు అన్నారు: "వరి గింజ కంటే చిన్నవి నిలవని జల్లెడతో వెతికాం." దీనికి ఆధారం అక్కరలేదు. జల్లెడ ఉంది. అది నిజం.

చూడవచ్చేవాళ్ళకు జల్లెడ సంగతులు ఎందుకని ఆమె నవ్వింది. పైగా గోడ మీద చోటు లేదంది. అక్కడ మాత్రం ఆమె తప్పు. ఏం దొరికిందో చెప్పి, దేనితో వెతికారో చెప్పని ప్రతి గోడా అబద్ధం చెబుతున్నట్టే. నేను ఎన్నో విధాల రాశాను, వాదించాను. వాళ్ళకు మా మీద గౌరవం పెరిగింది. గోడ మారలేదు.

ఆయన రిటైరైనప్పుడు ఆ మ్యూజియం వాళ్ళు జ్ఞాపకార్థం ఆయన వస్తువు ఏదైనా అద్దాల పెట్టెలో పెడతామన్నారు. కళ్ళజోడో, కలమో ఇస్తారనుకున్నారు. ఆయన జల్లెడ ఇచ్చారు. దాన్ని ఆ వాక్యం కిందే పెట్టాలన్నది ఒక్కటే షరతు. వాళ్ళు పొంగిపోయి ఒప్పుకున్నారు.

"ఎవరికి తెలుస్తుంది సార్?" అన్నాను.

"సూసీవోడు ఒకడు వత్తాడులే," అన్నారు.

ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు.

రిటైరయ్యే ముందు ఆఖరి పనిగా సహజను వెంటబెట్టుకుని ఆ ఊరు వెళ్ళాను. అప్పటికి ఈ కథ ఆమెకు చెప్పలేదు. మ్యూజియంలో పిల్లల గుంపు ఒకటి గోడ మీది వాక్యాన్ని రాగం తీస్తూ చదివి ముందుకు వెళ్ళిపోయింది. సహజ కూడా చదివింది, ఫోన్‌తో ఫొటో తీసింది. ఈ జల్లెడతోనే ఈ లోయ తొలి సేద్యం బయటపడిందని పెట్టె మీద రాసి ఉంది. అదీ చదివింది. కదలబోయి ఆగింది. మోకాళ్ళ మీద కూర్చుని, అద్దానికి ముఖం ఆనించి, దీపం వెలుతురులో ఆ వల కంతల్లోంచి చూసింది.

"ఆంటీ, ఇటు రాండ్రి. దీంట్ల కొర్రలు నిలుస్తయా? జారిపోవా?"

"జారిపోతాయి."

"మరి గోడ మీద గట్లెట్ల రాసిండ్రు?"

అప్పన్నగారు ఆ జల్లెడను అక్కడ పెట్టించింది ఈ ప్రశ్న కోసమే. అడిగే మనిషి వచ్చింది. వినడానికి ఆయన లేరు.